ఓడ వస్తేనే మా చేను పచ్చన

పొటాష్ బస్తాను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? వ్యవసాయంతో పనిలేని వాళ్లు చూసి ఉండరు. చూసినవాళ్లు కూడా చదివి ఉండరు. 2022 నుంచి దానిమీద పెద్దపెద్ద అక్షరాలతో ‘భారత్ ఎంఓపీ’ అని రాసి ఉంటోంది. లోపలున్న సరుకు మాత్రం మన దేశానిది కాదు. మన నేలలో పొటాష్ తవ్వితీసే గని ఒక్కటీ లేదు. కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్, ఇజ్రాయెల్... అక్కడెక్కడో తవ్వి, ఓడకెత్తి పంపితేనే మనకు దిక్కు. అంటే, మా తిరుమలాయపాలెంలో ఓ రైతు మిర్చి సాళ్లలో దోసెడు పొటాష్ చల్లాడంటే ఆ దోసెడూ సముద్రం దాటి వచ్చిందే!

మిర్చికి పొటాష్ లేకపోతే ఏమవుతుంది? కాయకు రంగు రాదు, బరువు రాదు. ‘యూరియా ఆకుకు, పొటాష్ కాయకు’ అంటుంటాడు మా నాన్న. పాలిపోయిన కాయ ఉన్న బస్తాలో ఖమ్మం యార్డు ఖరీదుదారు చెయ్యి కూడా పెట్టడు.

మాది ఖమ్మం నుంచి వరంగల్ పోయే రోడ్డు మీది ఊరు. తూర్పుకు పోతే కొత్తగూడెం బొగ్గు గనులు, అది దాటితే భద్రాచలం అడవులు. సముద్రం ఊసే లేదు. ఆ మాటకొస్తే మంచినీళ్లకే గతిలేని మండలం మాది. 2017 జనవరిలో భక్త రామదాసు ఎత్తిపోతల మొదలై పాలేరు జలాశయం నీళ్లు మా వైపు వచ్చేదాకా వాన, బావి, బోరు... అంతే. మా ఇంట్లో సముద్రాన్ని మొదట చూసింది మా మేనత్త. పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం వెళ్లి, వచ్చేటప్పుడు ఓ సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చింది. వాడకట్టు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి నాలుక మీద తలో చుక్కా వేసింది. ‘ఇదేంది, ఇంత ఉప్పగున్నది!’ అని మొహం చిట్లించిన వాళ్లలో నేనూ ఉన్నా. సముద్రంతో మా ఊరికి అంతకుమించి పనేముంటుంది అనుకునేవాళ్లం.

నిజానికి మా ఊరి బతుకు ఆ రేవు చేతిలో ఎంతుందో తెలిసింది 2025 ఆగస్టులో.

‘యూరియా ఓడ వచ్చిందా బిడ్డా?’

ఆ ఖరీఫ్ గుర్తుందా? వరి నాట్లు పడ్డాయి. పత్తి మోకాలెత్తు లేచింది. యూరియా లేదు. తెలంగాణ అంతటా అదే మాట. సొసైటీల ముందు తెల్లారకముందే వరసలు. మనుషులు నిలబడలేక చెప్పులు పెట్టి వెళ్లారు. కొందరు పాసు పుస్తకాల జిరాక్సులు పెట్టి, ఎగిరిపోకుండా మీద రాయి పెట్టారు. రామగుండం కర్మాగారంలో ఉత్పత్తి ఆగిందన్నారు. విదేశాల నుంచి రావలసింది రాలేదన్నారు. రాష్ట్రం కేంద్రాన్ని, కేంద్రం రాష్ట్రాన్ని అన్నాయి. మా నాన్న రెండు రోజులు వరసలో ఉండి ఒకే ఒక్క బస్తాతో ఇంటికొచ్చాడు. మాకున్నది మూడున్నర ఎకరాలు. ఒక బస్తా ఏ మూలకు?

సరిగ్గా ఆ వారమే నేను ఓడరేవు మీద కథనం కోసం విశాఖ బయల్దేరాను. సంగతి అమ్మ ద్వారా తెలిసినట్టుంది, రాత్రి నాన్న ఫోన్ చేశాడు.

‘‘రేవు లోపలికి పోతున్నవట గదా. యూరియా ఓడ వచ్చిందో లేదో సూసి రా బిడ్డా.’’

ముందు నవ్వొచ్చింది. బస్టాండుకు పోయి బస్సు వచ్చిందా అని చూసి రమ్మన్నట్టుగా ఉంది. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, సముద్రాన్ని ఒక్కసారీ చూడనివాడు... ఓడ కోసం ఎదురు చూస్తున్నాడు.

విశాఖ వెళ్లిన వాళ్లంతా రామకృష్ణా బీచ్‌లో నిలబడి కుడివైపు కనిపించే కొండతో ఫొటో దిగుతారు. అదే డాల్ఫిన్ నోస్. 174 మీటర్ల ఎత్తు. సముద్రంలోకి ముక్కు పెట్టినట్టుండే ఆ కొండే రేవుకు పెట్టనికోట. తుపాను గాలికి అది అడ్డం నిలుస్తుంది. దానికి ఎదురుగా మూడు చిన్న గుట్టలు. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. కొండకూ గుట్టలకూ మధ్య సన్నటి దారి. ఎంత పెద్ద ఓడైనా ఆ సందులోంచే లోపలికి రావాలి. ఏ దేశపు కెప్టెనైనా సరే, ఇక్కడికి వచ్చాక విశాఖ పైలట్ ఓడెక్కి దారి చెప్పాల్సిందే. ముందొక టగ్గు, వెనకొక టగ్గు తాళ్లు పట్టి నడిపిస్తుంటే అంత పెద్ద ఓడా పెళ్లికూతురిలా తలొంచుకుని వస్తుంది.

ఈ దారిలో తొలి సరుకు ఓడగా ‘జలదుర్గ’ వచ్చింది 1933 అక్టోబరు 7న. సింధియా కంపెనీ స్టీమరు. ఆ డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అలల ఉద్ధృతి ఆపడానికి అప్పట్లో రెండు పాత ఓడల్ని తెచ్చి కావాలనే ముంచేశారట. మూడంటే మూడే బెర్తులు, ఏడాదికి లక్షా ముప్పైవేల టన్నుల సరుకుతో మొదలైంది. 2023-24లో అక్కడ ఎక్కిన, దిగిన సరుకు 8 కోట్ల టన్నులు దాటింది. లోపలి హార్బరు, బయటి హార్బరు, చేపల హార్బరు... మూడు కలిస్తే విశాఖ రేవు.

బయటి హార్బరుకీ మా అడవికీ ఓ చుట్టరికం ఉంది. భద్రాచలం అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడ దంతెవాడ కొండల్లో బైలడిల్లా ఇనుప ఖనిజం. దాన్ని జపాన్‌కు పంపడానికే 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు మార్గం వేశారు. అరకు వెళ్లేవాళ్లు కిటికీ సీటు కోసం కొట్టుకుంటారే, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారే... ఆ మార్గమే. మన విహారం కోసం వేసింది కాదది, ఖనిజం కోసం! ఆ ఖనిజాన్ని భారీ ఓడల్లో నింపడానికి 1976లో బయటి హార్బరు సిద్ధమైంది. రైళ్లు చాలక తర్వాత్తర్వాత ఖనిజం పొడిని నీళ్లలో కలిపి 267 కిలోమీటర్ల పైపులో కూడా విశాఖకు తోస్తున్నారు. కొండలో పుట్టిన రాయి అడవి కింద పారుకుంటూ సముద్రానికి చేరుతోందన్నమాట.

పొలానికి వాన కావాలి... ఓడకు వద్దు!

నాకు రేవంతా తిప్పి చూపించింది ఓ పెద్దాయన. సరుకు దించే పనిలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యారు. కళాసీగా చేరి మేస్త్రీ అయిన మనిషి. మేం వెళ్లిన రోజు యూరియా ఓడ కనిపించలేదు. బొగ్గు ఓడ ఉంది. దూరంగా మరో బెర్తులో మరేదో ఖనిజం. క్రేను ఇనుప చెయ్యి ఓడ కడుపులోకి దిగుతోంది, గుప్పెడు తీసి బయట పోస్తోంది. ఆ ‘గుప్పెడు’ మా ట్రాక్టరు ట్రక్కు కంటే ఎక్కువ ఉంటుంది.

‘మరి యూరియా ఎలా దించుతారు?’ అని అడిగా. నాన్నకు ఏదో ఒకటి చెప్పాలి కదా!

‘‘అదీ ఇలాగేనమ్మా. కానీ సినుకు పడితే మూత మూసీడమే. తడిసిందంటే గడ్డ కట్టీసి ఎందుకూ పనికిరాదు’’ అన్నారాయన.

అప్పుడు వెలిగింది నాకు. యూరియాకు గిరాకీ ఎప్పుడు? వానలు పడ్డప్పుడు. ఓడలోంచి దించడానికి వీల్లేనిదెప్పుడు? అదీ వానలు పడ్డప్పుడే! జులై, ఆగస్టుల్లో మబ్బు పడితే మా నాన్న ఆకాశం వైపు దండం పెడతాడు. అదే మబ్బు విశాఖ మీదికో, కాకినాడ మీదికో పోతే ఓడ గదులకు మూతలు పడతాయి. మా చేలో తడి ఆరేలోపు పడాల్సిన యూరియా, రేవులో తడి ఆరేదాకా కదలదు.

ఇందులో ఇంకో తిరకాసు కూడా పెద్దాయనే చెప్పారు. అద్దె ఓడకు సరుకు దించడానికి గడువుంటుంది. గడువు దాటితే రోజుకింతని జరిమానా. లారీకి వెయిటింగ్ చార్జీ ఉంటుందే, అలాంటిదే. వాళ్ల భాషలో డెమరేజి. మామూలుగా వాన పడ్డ గంటల్ని గడువు లెక్కలోంచి తీసేస్తారు. కానీ ఒకసారి గడువు దాటిపోయిందనుకోండి... ఇక ఎండా వానా ఒకటే, మీటరు తిరుగుతూనే ఉంటుంది. బెర్తు ఖాళీ లేక బయట సముద్రంలో లంగరేసుకుని వంతు కోసం నిలబడ్డ ఓడలకూ ఈ బాధ తప్పదు. బీచ్‌లో రాత్రిపూట కూర్చుంటే దూరంగా నీళ్లమీద దీపాల వరస కనిపిస్తుంది. ‘ఎంత బాగుందో!’ అనుకుంటాం. వాటిలో చాలా మటుకు వరసలో ఉన్న ఓడలే. ఆయన అది చూపించినప్పుడు నాకు సొసైటీ ముందున్న చెప్పులే గుర్తొచ్చాయి.

ఓడ ఖాళీ అయితే సరిపోతుందా? కాగితం మీద నేను వేసుకున్న చిన్న లెక్క చెబుతా. 50 వేల టన్నుల ఓడ ఒకటి వచ్చిందనుకుందాం. యూరియా బస్తా 45 కిలోలు. అంటే దాదాపు పదకొండు లక్షల బస్తాలు. గోదాముల్లో గుట్టగా పోసి, తూకం వేసి, బస్తాలకు నింపి, మూతి కుట్టి, వ్యాగన్లకెక్కించాలి. ఒక గూడ్సు రైలుకు సుమారు 2,600 టన్నులు. ఆ లెక్కన ఒక్క ఓడను మోయడానికి పందొమ్మిది రైళ్లు! అందులో ఒకటి మాకు రాసిపెట్టి ఉంటే ఖమ్మం దగ్గర పందిళ్లపల్లిలో ఆగుతుంది. ఎరువుల వ్యాగన్లు దిగేది అక్కడే. హమాలీలు దించితే, లారీలు ఎత్తుకుంటే, అప్పుడు సొసైటీ. అప్పుడు మా నాన్న. సముద్రం మీద రెండు మూడు వారాలు ప్రయాణం చేసిన సరుకు ఈ చివరి నాలుగున్నర వందల కిలోమీటర్లు రావడానికి కొన్నిసార్లు అంతకంటే తక్కువేమీ తీసుకోదు.

విచిత్రమేమిటంటే ఈ ఆలస్యం యూరియా ధరలో కనిపించదు. బస్తా 266 రూపాయల 50 పైసలు. ఓడ ఎన్నాళ్లు నిలబడినా అంతే, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. అందుకే రైతు దాన్ని డబ్బుతో కాదు, రోజులతో కడతాడు. నాటేసిన ఇన్ని రోజులకు వెయ్యాలని పైరుకో గడువుంటుంది. అది దాటాక వేసినా ఒకటే, వెయ్యకున్నా ఒకటే. మా పైరుకు కూడా డెమరేజి ఉంది, కాకపోతే దానికి బిల్లు రాదు.

పొటాష్ సంగతి వేరు. దాని ధర పైనే కనిపిస్తుంది. 2021లో వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉన్న బస్తా 2022కల్లా 1,700 అయింది. బెలారస్ మీద ఆంక్షలు, ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం. మా ఊళ్లో బెలారస్ ఎక్కడుందో చెప్పగలిగే వాళ్లు లేరు, కానీ ఆ ఏడాది పొటాష్ సగం వేసినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాయి. చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. జోర్డాన్‌కున్న ఒకే ఒక్క రేవు అకాబా ఆ ఎర్ర సముద్రం కొసనే ఉంది.

రేవులో నేను నేర్చుకున్న మాటల్లో ముఖ్యమైనది ‘లోతు’. ఓడ ఎంత పెద్దదైతే టన్నుకు కిరాయి అంత తక్కువ. కానీ పెద్ద ఓడ నిండుగా వస్తే లోతుగా మునుగుతుంది. విశాఖ లోపలి హార్బరుకు ఒకప్పుడు పది మీటర్ల పైచిలుకు మునిగే ఓడలే రాగలిగేవి. తవ్వుకుంటూ, తవ్వుకుంటూ 14.5 మీటర్లకు తెచ్చారు. పక్కనే 2009లో మొదలైన గంగవరం రేవు మరీ లోతు. ఈ తవ్వకానికి ఆపు లేదు. అలలు ఇసుక తెచ్చి పోస్తూనే ఉంటాయి, డ్రెడ్జర్లు తోడుతూనే ఉంటాయి. రేవు గోడలు అడ్డంగా ఉండటం వల్ల తీరం వెంట ఉత్తరానికి సాగాల్సిన ఇసుక ఆగిపోయి రామకృష్ణా బీచ్ కోసుకుపోతుంటే, తోడిన ఇసుకనే పైపులతో అక్కడ పోస్తుంటారు. మనం వేరుసెనక్కాయలు తింటూ కూర్చునేది ఆ ఇసుక మీదే!

వంటింటి సంగతి కూడా చెప్పాలి. డాల్ఫిన్ నోస్ దగ్గర భూగర్భంలో, సముద్రమట్టానికి చాలా దిగువన, రాతిని తొలిచి గుహలాంటి గోదాము కట్టారు. అందులో 60 వేల టన్నుల వంటగ్యాసు పడుతుంది. మన దేశంలో అలాంటిది అదే మొదటిది. ఆ కొండ కింద అంత గ్యాసు ఉందని తెలిశాక, ఆ రాత్రి హోటల్ కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ దీపస్తంభాన్ని చూసిన చూపే వేరు.

మన ఇల్లెందు బొగ్గు ఏమైనట్టు?

తిరిగొచ్చాక ఊళ్లో నన్నడిగిన మొదటి ప్రశ్న యూరియా గురించి. రెండోది బొగ్గు గురించి. అడిగింది మా బాబాయి. సింగరేణిలో చేసి వచ్చిన మనిషి. ‘‘ఇల్లెందుల నూరేండ్ల కిందనే బొగ్గు తీసినం. కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి... ఇంత బొగ్గు ఇక్కడ పెట్టుకొని ఆస్ట్రేలియా నుంచి ఓడలల్ల తెచ్చుడేంది?’’

న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా రేవులోనే దొరికింది. బొగ్గంతా ఒక్కటి కాదు. ఉక్కు కొలిమిలో ఇనుప ఖనిజాన్ని కరిగించాలంటే కాలి గట్టి కోక్‌గా మారే రకం కావాలి. సింగరేణి బొగ్గు ఆ రకం కాదు, బూడిదా ఎక్కువే. కరెంటు తయారీకి అది బంగారం. విశాఖ ఉక్కుకు మాత్రం బయటి బొగ్గే దిక్కు. బాబాయి విన్నాడు కానీ పూర్తిగా ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు తవ్విన బొగ్గుకు వంక పెడితే ఎవరు ఒప్పుకుంటారు?

ఈ బొగ్గుకు ఇంకో లెక్క ఉంది. దాన్ని కట్టేది విశాఖ పాతనగరం వాళ్లు. డాబాల మీద, ఆరేసిన బట్టల మీద నల్లపొడి పడుతోందన్నది అక్కడ ఏళ్ల తరబడి వినిపిస్తున్న గొడవ. రేవువాళ్లు నీళ్లు చల్లే ఏర్పాట్లు చేశారు, చెట్లు పెంచారు, గుట్టల మీద పైకప్పులతో షెడ్లు కడుతూ వచ్చారు. అయినా గాలి ఇటు తిరిగిన రోజున ఆ మాట మళ్లీ వినిపిస్తూనే ఉంటుంది. నా మటుకు నాకు అనిపించేది ఒక్కటే. కోట్ల టన్నుల గురించి రాసేటప్పుడు, ఆ ఇళ్లల్లో రోజుకు ఎన్నిసార్లు ఇల్లు తుడుస్తారన్నది కూడా ఓ అంకెగా రాయాలి.

జెండా పాట వెనక

సరుకు రావడం ఒక ఎత్తు. పోవడం మరో ఎత్తు. మా వైపు నుంచి సముద్రం మీదికి వెళ్లేది తేజ మిర్చి. ఖమ్మం యార్డుకు పేరు తెచ్చిందే అది. సన్నంగా, ఎర్రగా, నోట పెడితే కళ్లలో నీళ్లు తిరిగే ఆ కాయకు చైనా పెద్ద కొనుగోలుదారు. థాయ్‌లాండ్, మలేసియా, బంగ్లాదేశ్ కూడా కొంటాయి. పొద్దున్నే యార్డులో జెండా పాట పాడతారు. ఆ రోజుకు అదే గరిష్ఠ ధర. దాన్ని చూసుకుని మిగతా బస్తాల ఖరీదు. మా నాన్న ఇన్నేళ్లుగా జెండా పాట ధరను ఖమ్మంలో నిర్ణయిస్తారనే అనుకున్నాడు.

ఎగుమతిదారు చేసేది తిరగేసిన లెక్క. చైనాలో ఎంతకు అమ్ముడవుతుంది? అందులోంచి ఓడ కిరాయి తియ్యి. కంటైనరు ఖర్చు తియ్యి. చెన్నైకో, విశాఖకో లారీ కిరాయి తియ్యి. శుభ్రం చేయించిన కూలి, కోల్డ్ స్టోరేజీ, తన లాభం తియ్యి. చివరికి మిగిలింది జెండా పాట. ఆ వరసలో ఏది పెరిగినా కోత పడేది కొసన ఉన్నవాడికే. 2003 నుంచి విశాఖలో కంటైనర్ల టెర్మినల్ నడుస్తోంది. రంగురంగుల ఇనుప పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటే పిల్లల ఆటబొమ్మల్లా ముచ్చటగా ఉంటాయి. 2021లో ప్రపంచమంతా ఆ పెట్టెలకు కరువొచ్చి కిరాయిలు ఆకాశానికంటినప్పుడు, అవి దొరక్క ఎగుమతిదారులు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

2020 మొదట్లో ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేరు. కొత్త పంట కోతకొచ్చింది. పాత కాయ ముప్పై ఎనిమిది బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఇంకాస్త పెరుగుతుందని ఆగాడు నాన్న. చైనాలో కరోనా. అక్కడ రేవులు స్తంభించగానే ఖమ్మంలో తేజ ధర వారాల్లో వేల రూపాయలు పడిపోయింది. అప్పటికి మన దేశంలో లాక్‌డౌన్ కూడా లేదు. ఊహాన్ పేరు మా ఊళ్లో మొదట పలికింది డాక్టర్లు కాదు, మిర్చి రైతులు! బ్యాంకు అప్పు, కూలీల బాకీ మీదపడి చివరికి వచ్చిన ధరకు అమ్మేశాడు. చెల్లి పెళ్లి ఏడాది వెనక్కి పోయింది.

అంతకుముందు 2017లో దీనికంటే ఘోరం. ఆ ఏప్రిల్‌లో ధర పాతాళానికి పడి, కడుపు మండిన రైతులు ఖమ్మం యార్డులో తిరగబడ్డారు. అప్పుడు కేంద్రం క్వింటాకు ఐదువేల చొప్పున కొంటామంది. 2021-22లో తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చి తోటలకు తోటలే తినేసింది. పండించేవాళ్లు, పంటా తగ్గిపోవడంతో 2023లో తేజ ఇరవై వేలు దాటింది. ఆశపడి అందరూ మళ్లీ వేశారు. 2025 మొదటికల్లా మళ్లీ కిందికి. ఈ ఎత్తుపల్లాల్లో మా నేల తప్పు, మా నాన్న పని తప్పు ఎంతుందో వెతికితే నాకైతే పెద్దగా కనిపించదు.

తెలంగాణకు రేవు లేదన్న దిగులు కొత్తదేం కాదు. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నం ఉండేది. తర్వాతి కాలంలో నిజాంకు తీరమే లేకుండా పోయింది. చివరి నిజాం పోర్చుగీసువాళ్ల దగ్గర గోవాను కొందామని చూశాడంటే ఆ వెలితి ఎలాంటిదో తెలుస్తుంది. ఇప్పుడు డ్రై పోర్టు అంటున్నారు, బందరు రేవుకు సూటిగా రోడ్డు అంటున్నారు. ఖమ్మం నుంచి దేవరపల్లికి గ్రీన్‌ఫీల్డ్ రహదారి తలపెట్టిందీ విశాఖ దూరం తగ్గించడానికే. దూరం తగ్గితే లారీ కిరాయి తగ్గుతుంది. ఆ తగ్గింది జెండా పాటలో కలుస్తుందా, మధ్యలోనే ఆగిపోతుందా అన్నది యార్డులో చూడాలి.

నాన్న ఇప్పుడు మరో ఆలోచనలో ఉన్నాడు. ఆయిల్‌పామ్. అశ్వారావుపేట వైపు ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు జిల్లా అంతా వేయిస్తున్నారు. 2025 మార్చికి గెలల ధర టన్నుకు 20 వేలు దాటింది. కోతుల బెడద లేదు, కూలీల ఖర్చు తక్కువ, ఒకసారి వేస్తే పాతికేళ్లకు పైగా ఆదాయం అని అధికారులు చెబుతున్నారు. ఊళ్లో సగం మంది ఊగుతున్నారు.

నాకే భయం వేసి ఆయనకు ఒక సంగతి చెప్పాను. మన దేశం పామాయిల్‌ను ఎక్కువగా ఇండోనేసియా, మలేసియాల నుంచి ఓడల్లో తెప్పిస్తుంది. కాకినాడలో, కృష్ణపట్నంలో, విశాఖలో దిగే ఆ నూనె ధరే ఇక్కడ గెలల ధరను నడిపిస్తుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం పెంచింది. 2025 మే చివర్లో అసలు సుంకాన్ని ఇరవై శాతం నుంచి పదికి తగ్గించింది. సుంకం తగ్గితే నూనె కొనేవాళ్లకు మేలు. గెలలు అమ్మేవాళ్లకు దెబ్బ. మిర్చి అయితే వచ్చే ఏడాది మానెయ్యొచ్చు. పాతికేళ్ల చెట్టును ఏం చేస్తాం?

నాన్న బీడీ ఆర్పేసి చాలాసేపు ఏమీ అనలేదు.

‘‘అంటే దీనికీ ఓడలే సూసుకోవాల్నా?’’ అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాన్న రెండెకరాలకు ఆయిల్‌పామ్ మొక్కల కోసం దరఖాస్తు పెట్టి వచ్చాడట. మిగతా ఎకరంన్నరకు మిర్చి నారు పోయడానికి మడి సదును చేస్తున్నాడట. ‘కాకినాడల నూనె ఓడల ముచ్చట ఎవరన్న తెలిసినోళ్లను అడిగి పెట్టుమను’ అని నాకు చెప్పమన్నాడట.